దేవరాజులు అంగడి నంబరు

వెతికిన చోట ఒకటి కనిపించకపోతే, అది అక్కడ ఎప్పుడూ లేదనుకోవాలా, ఉండి పోయిందనుకోవాలా? ఉదయలక్ష్మి సంగతి తలపుకు వచ్చినప్పుడల్లా ఆలోచన ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి నిలబడిపోతుంది. జవాబు ఆమెకూ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. జరిగిన కీడును తలుచుకుని భయపడేవాళ్ళు చాలామంది ఉంటారు. జరిగిందో లేదో ఎన్నటికీ తేలనిదాన్ని తలుచుకుని భయపడేవాళ్ళు అరుదు. ఆమె అట్లాంటి మనిషి అయింది.

ఉదయలక్ష్మి నగరిలో మరమగ్గాల వీధిలో పుట్టింది. ఇంటి ముందుభాగం సంసారానికి, వెనకభాగం మగ్గాలకు. తెల్లవారి మొదలయ్యే టకటకలు పొద్దుగూకినా ఆగవు. గోడవార పెట్టిన చెంబులో నీళ్ళు కూడా సన్నగా వణుకుతూ ఉంటాయి. ఆ వీధి పిల్లలకు మాటలకన్నా ముందు సైగలు వస్తాయి. ఆ మోతలో పిలిచినా వినపడదు, అరిచినా వినపడదు. ఆమె చిన్నప్పుడు పక్కింటావిడ కొప్పు ఊడి, జుట్టు మగ్గం బెల్టులో చిక్కుకుంటే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో అటు తిరిగి నిలబడి ఉన్న మొగుడికి తెలియనే లేదు. ఎవరో చూసి మెయిన్ స్విచ్చి ఆపారు కాబట్టి ప్రాణం దక్కింది.

వెనక్కి తిరిగి చూసుకోవడం ఉదయలక్ష్మికి అప్పటినుంచీ అలవాటు. గ్యాసు ఆపి మళ్ళీ వెళ్ళి చూస్తుంది. తాళం వేసి, మెట్లు దిగి, ఎక్కి వచ్చి, లాగి చూస్తుంది. పెళ్ళయి తిరుపతిలో కాపురం పెట్టాక మొగుడు ఎగతాళి చేసేవాడు.

"యముడొచ్చి పిలిచినా, ఉండప్పా గ్యాసు సూసొస్తా అంటావే నువ్వు."

ఆమె నవ్వేది గానీ, వెళ్ళి చూసే వచ్చేది.

పుత్తూరులో డిప్లొమా చదివింది. పిల్ల బడికి పోయే వయసు వచ్చాక తిరుపతిలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. బైరాగిపట్టెడలో ఒక స్టీలు సామాన్ల కొట్టు మీద చిన్న ఆఫీసు నడిపే హేమచంద్ర ఆమెను పనిలో పెట్టుకున్నాడు. లాడ్జీలకు, బడులకు, మిల్లులకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి ఇవ్వడం వాళ్ళ పని. భయస్తురాలు కాబట్టి బాగా రాసేది. తాను రాసినదాన్ని తానే నమ్మదు. పదిసార్లు తిప్పి చూసుకున్నాకే ఇచ్చేది. "ఉదయక్క రాసిందంటే తాళం పడినట్టే" అని హేమచంద్ర వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

నేర్చుకునే రోజుల్లో ఆమెకు అన్నిటికన్నా నచ్చింది డిక్షనరీ. నిఘంటువు కాదు, ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఆ పేరు పెట్టుకున్న ఒక సాధనం. అందులో ప్రతిదానికీ ఒక కీ ఉంటుంది, ఆ కీ వెనక దాచుకున్న సమాచారం ఉంటుంది. కీ చెబితే చాలు, ఎన్ని వేల మందిలో ఉన్నా ఆ ఒక్కరి వివరాలు తెచ్చి చేతిలో పెడుతుంది. కొత్త మనిషిని చేర్చాలంటే ఒకే ఒక వాక్యం. ఉన్న మనిషి వివరాలు మార్చాలన్నా అదే వాక్యం. ఆ కీ ఇంతకుముందు లేకపోతే చేర్చుకుంటుంది. ఉంటే, వెనక ఉన్న పాతదాన్ని తీసి కొత్తదాన్ని పెడుతుంది. చేర్చినానని చెప్పదు, తీసేసినానని చెప్పదు. ఆ గుట్టు ఆమెకు ముచ్చటగా తోచింది. ఎంత తక్కువ మాటలతో ఎంత పని!

నగరి పక్కన ఏకాంబరకుప్పంలో కొందరు కలిసి నడిపే చిన్న ఆసుపత్రి ఒకటి ఉంది. అక్కడివాళ్ళు రోగుల వివరాలకు ప్రోగ్రాము కావాలని వచ్చినప్పుడు హేమచంద్ర ఆ పని ఆమెకే ఇచ్చాడు. మనిషికి కీ ఏది పెట్టాలి అన్న మాట వచ్చింది. ఆధార్ కార్డు అందరూ తీసుకురారు. పేర్లయితే ఒకే రకం పేర్లు వీధికి నలుగురికి ఉంటాయి. "ఫోన్ నంబరు పెట్టేయక్కా. ఇప్పుడు ఫోన్ లేనోడు యాడుండాడు?" అన్నాడు హేమచంద్ర. సరేనంది. పేరు, వయసు, జబ్బు గళ్ళతోపాటు తన సొంత ఆలోచనతో ఇంకొక గడి చేర్చింది: పడని మందులు. దానిలో ఏదైనా రాసి ఉంటే తెర ఎర్రగా మారుతుంది.

ఆ గడి వెనక ఆమె మేనత్త ఉంది. చౌడేశ్వరమ్మ, తండ్రికి అక్క. చాలా ఏళ్ళ కిందట ఆమె చేతికి చీము పడితే ఎవరో కాంపౌండరు పెన్సిలిన్ సూది వేశాడు. కాసేపటికే మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. ఊపిరి అందక కళ్ళు తేలవేసింది. జీపులో వేసుకుని తిరుత్తణికి పరుగెత్తారు. ఆ జీపులో అత్త చల్లటి పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నది ఉదయలక్ష్మే. ఆ చల్లదనం ఇప్పటికీ అరచేతుల్లో ఉందంటుంది.

ప్రోగ్రాము మొదలుపెట్టిన రోజున ఆసుపత్రిలో కొబ్బరికాయ కొట్టారు. మొట్టమొదటి పేరుగా అత్తనే కూర్చోబెట్టి, వివరాలు తానే ఎక్కించింది ఉదయలక్ష్మి. పడని మందుల గడిలో పెన్సిలిన్ అని రాయగానే తెర ఎర్రబడింది. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. చౌడేశ్వరమ్మ చుట్టూ చూసి, "నా కోడలు. రాసింది నా కోడలే" అని అందరికీ చెప్పుకుంది.

అన్నీ పరీక్షించింది ఉదయలక్ష్మి. పేరు తప్పుగా కొట్టి, అదే నంబరుతో మళ్ళీ సరిగా కొట్టి చూసింది. తప్పు పోయి ఒప్పు వచ్చి కూర్చుంది. తృప్తిగా తిరుపతి బస్సెక్కింది.

ఆ తర్వాత ఏడాది గడిచింది. ఒకరోజు పొద్దున ఆఫీసులో టీ తాగుతూ ఉంటే ఆసుపత్రి నర్సు స్టెల్లా ఫోన్ చేసింది.

"అక్కా, ప్రింటు రావడం లేదు. ఏం చేసేది?"

"ఆపి మళ్ళీ వేసినావా?"

"ఏసినా. ఆ... వస్తా ఉండాది, వస్తా ఉండాది. మిషను కూడా మీ గొంతు వింటేనే పని చేస్తాది గదక్కా." స్టెల్లా నవ్వింది. "అది సరే గానీ, మీ అత్త వచ్చి ఉండారు. చౌడేశ్వరమ్మ. కాలి పుండు బాగా పెద్దదైపోయినాది. నిన్న సాయంత్రం చేర్చుకున్నాము. ఇంకాసేపట్లో లోపలికి తీసుకుపోయి కోసి శుభ్రం చేస్తారు."

"నాకు చెప్పనే లేదే!"

"మీకు చెప్తే రైలు కంటే ముందు ఉరుక్కుంటా వస్తారంట. చెప్పొద్దన్నారు. అక్కా, ఆమె నంబరు కొడితే ఎవరో మొగాయన పేరు వచ్చినాది. దాన్ని కొట్టేసి ఆమె పేరు పెట్టినా."

టీ గ్లాసు ఉదయలక్ష్మి పెదవుల దగ్గరే ఆగింది.

"ఏ మొగాయన?"

"ఎవరోక్కా, పేరు గెవనం లేదు. ఆ నంబరుకు ఎప్పుడూ ఇంతే. ఒక్కోసారి ఒక్కో పేరు సూపిస్తాది. నేనే సరిచేస్తా ఉంటా."

"పడని మందుల గడిలో ఏముండాది స్టెల్లా?"

"ఏం లేదు. ఖాళీ. అందుకే డాక్టరమ్మ మామూలు పెన్సిలిన్ సూదే రాసినారు. ఉంటానక్కా, పిలస్తా ఉండారు."

ఫోన్ కట్ అయింది. ఉదయలక్ష్మి వెంటనే మళ్ళీ చేసింది. మోగింది, ఎవరూ తీయలేదు. లోపలి గదిలోకి పోయేటప్పుడు స్టెల్లా ఫోను బయట పెట్టి పోతుందని ఆమెకు తెలుసు. ఆసుపత్రి బల్ల మీది నంబరుకు చేసింది. ఎంతకీ ఎంగేజే.

అత్త ఇచ్చిన నంబరు ఏది? కళ్ళు మూసుకుంది. తానే ఎక్కించింది కదా. వేళ్ళకు గుర్తుంది. అంకె అంకె నోట్లోకి వచ్చింది. అది అత్త నంబరు కాదు. దేవరాజులు అంగడి నంబరు.

ఆ వీధి మర్మం ఆ వీధిలో పుట్టినవాళ్ళకే తెలుసు. మగ్గం దగ్గర నిలబడితే ఫోన్ మోత వినపడదు. వైబ్రేషన్ పెట్టుకున్నా, కాళ్ళ కింద నేలే అదురుతుంటే నడుముకు దోపుకున్న ఫోను అదిరేది ఎవరికి తెలుస్తుంది? అందుకని ఎవరు నంబరు అడిగినా, వీధి మొదట్లో టీ అంగడి పెట్టుకున్న దేవరాజులు నంబరు ఇస్తారు. గ్యాసువాళ్ళకు అదే, నూలు షావుకారుకు అదే, పెళ్ళి సంబంధాలవాళ్ళకు అదే. కబురు వస్తే దేవరాజులు నడిచి వచ్చి, కిటికీలోంచి తలపెట్టి, మగ్గాల మోతను మించి అరిచి చెబుతాడు. ఎవరి నంబరో వాళ్ళకు ఉన్నా, చెప్పేది మాత్రం అదే. ఉదయలక్ష్మి కూడా పెళ్ళయ్యేదాకా తన నంబరంటే అదే చెప్పింది. అత్త నోటి నుంచి ఆ అంకెలు వస్తుంటే చేతులు వాటంతటవే కొట్టుకుంటూ పోయాయి. పరాయి ఊరి మనిషి ఎవరైనా రాసి ఉంటే, ఇది నీ నంబరేనా అవ్వా అని అడిగి ఉండేవాళ్ళేమో.

వీధి వీధంతా ఒకే కీ.

అత్త తర్వాత ఎవరు వచ్చినా, అదే నంబరు చెప్పి ఉంటారు. ఆ ఒక్క వాక్యం నోరు మెదపకుండా అత్తను తీసేసి వాళ్ళను పెట్టింది. వాళ్ళను తీసేసి ఇంకొకరిని పెట్టింది. వాళ్ళకు పెన్సిలిన్ పడుతుంది కాబట్టి ఆ గడిని కూడా తుడిచేసి ఉంటారు, ఎర్ర తెర ఎప్పుడో పోయింది. ఇప్పుడు అత్త పేరు తిరిగి వచ్చింది గానీ, మందుల గడి ఆ మొగాయనది. ఖాళీది.

హేమచంద్ర తన గదిలోంచి తొంగి చూశాడు. "ఏందక్కా, మొగం అట్లా పెట్టినావు?"

చెప్పింది. అతని మొహం కూడా మారింది. కానీ మనిషి త్వరగా తేరుకున్నాడు.

"పాత ఫైలు ఉంటాది గదా. బ్యాకప్పు."

"ఎట్ల ఉంటాది? రోజూ నిన్నటి ఫైలు మీదే ఈరోజుది రాసేటట్టు పెట్టినాము. చోటు దండగని నువ్వే అంటివి."

అతను నుదురు రుద్దుకున్నాడు. "సరే. ముందు ఆ లైను మార్చేయి. నంబరు ముందే ఉంటే ఆగి అడిగేటట్టు పెట్టు. ఎవరికీ ఏమీ చెప్పొద్దు. ఎవరికీ ఏం కాలేదు గదా ఇంతవరకూ."

"కాలేదని నీకెట్ల తెలుసప్పా?"

ఆమె సంచి భుజాన వేసుకుని అప్పటికే మెట్లు దిగుతోంది. దిగుతూనే దేవరాజులుకు ఫోన్ చేసింది. అతను మాత్రం మొదటి మోతకే ఎత్తాడు. అది అతని వృత్తి.

"ఎవురూ?"

"మామా, నేను ఉదయను. చౌడేశ్వరమ్మత్త ఆసుపత్రిలో ఉండాది. నువ్వు వెంటనే పోయి, ఆమెకు పెన్సిలిన్ సూది పడదని డాక్టరమ్మకు చెప్పాల."

"ఇప్పుడా? పాలు పొయ్యి మీద ఉండాయి పాపా. ఆమె చెప్పుకోదా? నోరు లేని మనిషా ఆమె? వీధిలో అందరికంటే నోరు ఆమెదే గదా."

"మామా..." మెట్ల మీదే నిలబడి ఏడ్చేసింది.

అవతల పొయ్యి ఆపిన చప్పుడు. "ఏడవద్దు. పోతా ఉండా. ఏం సూదన్నావు? పెన్సిలిన్. పెన్సిలిన్. సరే, పెట్టేయి."

నగరి పోయే బస్సు కదిలింది. రేణిగుంట దాటేదాకా ఆమె ఫోను చేతిలో నుంచి దించలేదు. దేవరాజులు బండి మీద ఉన్నాడు, ఎత్తడు. స్టెల్లా ఎత్తలేదు. కండక్టరు టికెట్ అడిగితే ఏ ఊరో చెప్పలేక చేతిలో నోటు పెట్టింది. "యాడికమ్మా?" అని అతను గట్టిగా అడిగితే ఉలిక్కిపడి, "ఆసుపత్రికి" అంది. ముందు సీటులో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

నోరు లేని మనిషా అన్నాడు దేవరాజులు. అత్తకు నోరుంది. ఒకప్పుడు ఏ డాక్టరు దగ్గరికి పోయినా మొదట చెప్పే మాట అదే: నాకు సూది పడదు సామీ, చచ్చి బతికినా. కానీ ఆ తెర ఎర్రబడ్డ రోజున ఆమె దగ్గర కూర్చుని ఉదయలక్ష్మే చెప్పింది: "ఇంక నువ్వు ఎవరికీ చెప్పే పని లేదత్తా. అదే చెప్తాది." చెప్పే నోటిని కూడా తానే మూయించింది.

కిటికీలోంచి వేడి గాలి కొడుతోంది. అరచేతులు మాత్రం చల్లబడ్డాయి. వాటిని మోకాళ్ళ మీద రుద్దుకుంటూ కూర్చుంది. రోడ్డు పక్క మామిడి తోటలు వెనక్కి పోతున్నాయి. బస్సు ఎక్కడ ఆగినా ఆమె సీటులోంచి సగం లేస్తోంది. దిగేవాళ్ళు తీరిగ్గా దిగుతున్నారు. ఎక్కే ఆవిడ మూటను ముందు పెట్టాలా వెనక పెట్టాలా అని కండక్టరుతో బేరమాడుతోంది. వీళ్ళలో ఎవరికి ఏ మందు పడదో! ఎవరు ఎక్కడ ఎవరి నంబరు చెప్పి వచ్చారో!

పుత్తూరు బస్టాండులో ఉండగా ఫోన్ మోగింది. తెర మీద దేవరాజులు పేరు. ఎత్తాలంటే వేలు ఆడలేదు. ఎత్తేదాకా అత్త బతికే ఉంటుంది అనిపించింది. మోగి మోగి ఆగబోతుండగా నొక్కింది.

"పాపా, లోపలికి తీసుకుపోయినారంట. నన్ను పోనీలేదు. వాకిట్లో ఎవుడో అడ్డం నిలబడినాడు."

"మరి?"

"మరేముండాది? మన వీధిలో ఎట్లా చెప్తానో అట్లా చెప్పినా. చౌడేశ్వరమ్మకు పెన్సిలిన్ పడదూ అని తలుపు ముందర నిలబడి అరిచినా. ఆసుపత్రి అంతా లేచి నిలబడినారు. నన్ను పిచ్చోడనుకున్నారో ఏమో, ఒకడు నీళ్ళు కూడా తెచ్చిచ్చినాడు. డాక్టరమ్మ బయటికొచ్చి తిట్టి పోయింది."

"సూది వేసినారా మామా? వేసినారా లేదా?"

"అది చెప్పలే. తిట్టింది, తలుపేసుకునింది."

బస్సు నగరి చేరేదాకా ఇంక ఫోన్ రాలేదు. ఆ దారంతా ఆమె ఏ దేవుడినీ తలుచుకోలేదు. తలుచుకుంటే ఆ పని పూర్తిగా తన చేతుల్లోంచి జారిపోయినట్టవుతుందని భయం.

ఆసుపత్రి వరండాలో దేవరాజులు బల్ల మీద కూర్చుని బన్ను తింటున్నాడు. ఆమెను చూడగానే లేచి, బన్ను ఉన్న చేత్తోనే లోపలికి చూపించాడు. వార్డులో చివరి మంచం మీద చౌడేశ్వరమ్మ దిండుకు ఆనుకుని, కట్టు కట్టిన కాలు చాచుకుని, పక్క మంచం ఆవిడతో మాట్లాడుతోంది.

"వచ్చినావా? వస్తావని తెలుసు. ఈ దేవరాజులుగాడు నా పేరు పెట్టి అట్లా అరిచినాడే, ఊరంతా నేను చచ్చినాననుకుని ఉంటారు."

ఉదయలక్ష్మి మంచం పట్టె పట్టుకుని నిలబడింది. అత్త పాదం తాకి చూసింది. వెచ్చగా ఉంది.

స్టెల్లా వచ్చి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"సూదిలోకి మందు ఎక్కించినానక్కా. చేతిలో ఉండింది. అంతలో అరుపు. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపినారు. వేరే మందు ఏసినాము." తర్వాత అడిగింది. "ఎట్లక్కా అది? ఎర్రగా రావాల గదా?"

దాచలేదు. ఆ ఒక్క వాక్యం ఏం చేస్తుందో, ఎందుకు చేసిందో చెప్పింది. తప్పు తనదని చెప్పింది. వింటూ వింటూ స్టెల్లా గోడకు ఆనుకుంది.

"అంటే నేను సరిచేసిన పేర్లన్నీ..."

"ఒక్కొక్కరూ ఒక్కొక్క మనిషి స్టెల్లా."

"నేను కొట్టేసినానే! నా చేత్తో నేనే కొట్టేసినానే అక్కా!"

"నువ్వు కాదు. నేను అడగనీలేదు. ఇది ఇంకొకరిదేమో చూసుకో అని అది నిన్ను అడిగి ఉండాల. అడిగేటట్టు నేను రాయలేదు."

ఇద్దరూ కలిసి డాక్టరమ్మ గదిలోకి పోయారు. ఆమె పెద్దగా ఏమీ అనలేదు. తెర ఆపేయమంది. ఈరోజు నుంచి ప్రతి మనిషినీ నోటితోనే అడగండి, వాళ్ళు చెప్పేదాకా సూది ముట్టుకోవద్దంది. స్టెల్లా కళ్ళు తుడుచుకుని మంచం మంచానికీ పోయి అడగడం మొదలుపెట్టింది. "తాతా, నీకు ఏ మందన్నా పడదా? గెవనం చేసుకో. దద్దుర్లు వచ్చినాయా ఎప్పుడన్నా?"

ఉదయలక్ష్మి అత్త దగ్గరికి వచ్చి కూర్చుంది. చౌడేశ్వరమ్మ పక్క మంచం ఆవిడకు చెబుతోంది. "ఈమే, నా మేనకోడలు. ఆ పెట్టె రాసినామె. ఇప్పుడు మనం నోరు నొప్పెట్టేటట్టు చెప్పుకునే పని లేదు. అన్నీ దాంట్లోనే ఉంటాయి."

"లేదత్తా. అట్లా నమ్మొద్దు. నువ్వే చెప్పాల. ఎవరికైనా నీ నోటితో చెప్పాల."

"ఏందే, నీ పని మీద నీకే నమ్మకం లేదా?" అత్త నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఇంత భయపడితే ఎట్లనే? ఎవరి టైము వాళ్ళది. మన మునివెంకటప్పనే సూడు. దేవకమ్మ మొగుడు. జరం, దగ్గు అని నడుచుకుంటా ఈడికి వచ్చినాడు. సూది ఏసినారు. గంట కూడా లేడు. గుండె ఆగిపోయినాదంట. ఏం చేస్తారు డాక్టర్లు?"

మునివెంకటప్ప ఇల్లు అత్తవాళ్ళింటికి ఎదురుగా. ఆ ఇంట్లో రెండు మగ్గాలు. ఆ వీధి మనిషే.

"ఎప్పుడత్తా?"

"పోయిన నెల."

స్టెల్లా వార్డు అవతలి మూలన ఉంది. ఆమె దగ్గరికి నడవడానికి ఉదయలక్ష్మికి చాలా సేపు పట్టినట్టనిపించింది. మునివెంకటప్ప పేరు చెప్పగానే స్టెల్లా చేతిలో ఉన్న గాజు సీసా బల్ల మీద పెట్టేసింది.

"వచ్చినాడక్కా. అంతకుముందు కూడా ఒకసారి వచ్చి ఉన్నాడు, దగ్గుకి. అప్పుడే పేరు రాసుకున్నాము. రెండోసారి నంబరు కొడితే వేరే పేరు వచ్చినాది. మార్చినా." ఆ అమ్మాయి పెదవులు పాలిపోయాయి. "మొదటిసారి వచ్చినప్పుడు ఆయన ఏం చెప్పినాడో, నేనేం రాసినానో గెవనం లేదక్కా. ఎర్రగా వచ్చిందా? రాలేదా? నిజంగా గెవనం లేదు."

ప్రోగ్రాములో ఆ నంబరు వెనక ఇప్పుడు ఒకే మనిషి ఉంది. చౌడేశ్వరమ్మ. ఇంకెవరూ ఎప్పుడూ ఉన్నట్టు గీత కూడా లేదు.

మగ్గాల వీధికి నడిచే పోయింది ఉదయలక్ష్మి. దేవరాజులు బండి ఎక్కమంటే తల అడ్డంగా ఊపింది. వీధి మొదట్లోనే మోత ఎదురొచ్చింది. దేవకమ్మ ఇంట్లో మగ్గాలు మాత్రం ఆగి ఉన్నాయి. ఆమె వాకిట్లో అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. నుదురు బోసిగా ఉంది.

"రా తల్లీ. అత్తను సూసినావా? ఎట్లుండాది?"

"బాగుంది పెద్దమ్మా." కూర్చుంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక కండెల బుట్టవైపు చూసింది. చివరికి నేరుగానే అడిగింది. "పెదనాయనకు ఏ మందన్నా పడకుండా ఉండేదా? సూది గానీ, మాత్ర గానీ?"

దేవకమ్మ చేతులు ఆగలేదు. ఆలోచించింది. "ఎప్పుడో తిరుత్తణిలో ఏదో సూది ఏస్తే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినాయనేవాడు. పెళ్ళికి ముందు మాట. నేను సూడలేదు."

"ఈడ ఆసుపత్రిలో చెప్పినాడా ఆ సంగతి? మొదటిసారి దగ్గుకు పోయినప్పుడు?"

"ఏమో తల్లీ. నేను మగ్గం మీద ఉండా. ఒక్కడే పోయినాడు. చెప్పే మనిషే గానీ... చెప్పినాడో, మరిచినాడో." తలెత్తి చూసింది. "ఎందుకమ్మా అడగతా ఉండావు?"

ఆసుపత్రి నుంచి నడిచిన దారంతా ఈ మాటనే ఉదయలక్ష్మి లోపల అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు చెప్పింది.

"ఆయన పేరు ఆసుపత్రి కంప్యూటర్లో లేదు పెద్దమ్మా. ఆయన చెప్పినవన్నీ పోయినాయి."

దేవకమ్మ ఆమె మొహాన్ని చూసింది. జాలిపడింది.

"పోయినోళ్ళ పేరు తీసేస్తారు గదమ్మా. రేషన్ కార్డులో కూడా తీసేసినారు. దానికి నువ్వెందుకు ఇంత బాధపడేది?"

"అట్ల కాదు పెద్దమ్మా. ఆయన ఉండంగానే..."

"నీ మొగం సూడు, ఎట్లా పీక్కుపోయినాదో. పొద్దున్నించి ఏమన్నా తిన్నావా? కూర్చో. కాఫీ పెడతా." మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచింది. "ఆయన కూడా నీ గురించి చెప్పేవాడు. మన వీధి పిల్ల, ఎంత పని చేసినాదో సూడు, ఇంక మనం ఏమీ చెప్పుకునే పని లేదు అనేవాడు."

ఆమె లోపలికి పోయింది. గిన్నె పెట్టిన చప్పుడు, స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించాయి. ఉదయలక్ష్మి అరుగు మీద అట్లాగే కూర్చుంది. చెప్పుకునే పని లేదు అనేవాడు. అయితే చెప్పలేదా? ఆ మాట అన్నది మొదటిసారి పోయిరాకముందా, పోయొచ్చాకా? పోయొచ్చాకే అయితే, చెప్పే వచ్చి ఉంటాడు. కాకపోతే... లోపలికి పోయి అడగవచ్చు. అడిగితే దేవకమ్మ గుర్తు చేసుకుంటుంది. ఏదో ఒకటి చెబుతుంది. ఆ ఏదో ఒకటి వినడానికి తన చెవులకు ధైర్యం లేదని ఆమెకు అర్థమైంది.

లేచింది. చెప్పులు చేతిలో పట్టుకుని, మెట్టు దిగి, వీధిలోకి వచ్చాక తొడుక్కుంది. రెండు పక్కలా మగ్గాలు కొడుతూనే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూడలేదు.

ఏడాది తిరగని చావింటి నుంచి లేచేటప్పుడు పోయొస్తానని చెప్పకూడదంటారు ఆ పక్కల. కాఫీ గ్లాసుతో బయటికి వచ్చిన దేవకమ్మ ఖాళీ అరుగును చూసి, పద్ధతి తెలిసిన పిల్ల అనుకునే ఉంటుంది.